మూసీకి ముకుతాడు వేసిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య

(తృతీయ బి.యస్సీ., గణిత – భౌతిక – సాంఖ్యక శాస్త్రములు)

ప్రతి రోజూ ఉదయం శంషాబాద్ వైపు నుంచి వచ్చి ఆరాంఘర్ చౌరస్తాలో బస్సు మారుతాను. అక్కడ నిలబడ్డవాడికి నీళ్ళు కనబడవు. కనబడేవి లారీలు, ఆర్టీసీ బస్సులు, విమానాశ్రయానికి పరుగులు తీసే కార్లు, తల ఎత్తితే ఫ్లైఓవర్ స్తంభాలు. కాని ఆ చౌరస్తాకు పడమర దిక్కున వ్యవసాయ విశ్వవిద్యాలయం పొలాలు దాటి పోతే హిమాయత్ సాగర్ ఉన్నది. జూపార్కు వైపు పోతే మీరాలం చెరువు. శంషాబాద్ దారి పట్టుకుంటే గగన్‌పహాడ్, అక్కడ అప్ప చెరువు. మూడు దిక్కులా నీళ్ళే. ఆ నీళ్ళు ఎప్పుడు సాధువుగా ఉంటాయో, ఎప్పుడు ఎద్దు లాగా తిరగబడతాయో ఎవరూ ముందుగా చెప్పలేరు. ఆ చెప్పలేనితనాన్నే లెక్కలోకి తీసుకుని పని చేసిన ఒక పెద్దమనిషి జీవితం ఈ వ్యాసం.

సావనీరు సంపాదక మిత్రులు ఒక శాస్త్రజ్ఞుని జీవితం వ్రాసి ఇమ్మన్నారు. న్యూటన్, రామన్ వంటి వారి గురించి ఏటా ఎవరో ఒకరు వ్రాస్తూనే ఉన్నారు కనుక నేను ఇంజనీరు దగ్గరికి వచ్చాను. దీనికి ఇంకొక కారణం కూడా ఉంది. ఈ సంవత్సరం సాంఖ్యక శాస్త్రం క్లాసులో మా లెక్చరర్ గారు సిలబస్ పక్కకు పెట్టి ఒక గంట సేపు యాదృచ్ఛికంగా దశలు మార్చుకునే వ్యవస్థల గురించి చెప్పారు. క్లాసులో సగం మంది నిద్రపోయారు (నేను కూడా మొదట్లో కొంచెం). కాని ఆయన నల్లబల్ల మీద రెండు గళ్ళు గీసి, ఒక గడి నుంచి ఇంకో గడికి బాణాలు వేసి, ఏ బాణం ఎప్పుడు పడుతుందో తెలియదు, పడే అవకాశం ఎంతో మాత్రమే తెలుసు అన్నప్పుడు నాకు మా నాయన బోరుబావి గుర్తుకు వచ్చింది. కరెంటు ఉన్న దశ, లేని దశ. ఎప్పుడు వస్తదో, ఎప్పుడు పోతదో తెలియని రోజుల్లో మా నాయన మోటారుకు ఆటోస్టార్టర్ పెట్టించాడు. కరెంటు రాగానే మనిషి లేకుండా మోటారు దానంతట అదే ఎత్తుకునేది. లెక్చరర్ గారు చెప్పింది ఇదే గదా అనుకున్నాను. తరువాత లైబ్రరీలో విశ్వేశ్వరయ్యగారి గేట్ల సంగతి చదివినప్పుడు, మా నాయన ఆటోస్టార్టర్‌కు ముత్తాత దొరికాడనిపించింది.

మోక్షగుండం అనేది గిద్దలూరు ప్రాంతంలోని గ్రామం. విశ్వేశ్వరయ్యగారి పూర్వులు అక్కడి నుంచి మైసూరు సీమకు తరలిపోయారు. ఊరు విడిచినా ఊరి పేరును ఇంటిపేరుగా దాచుకున్నారు. కోలారు వైపు చిక్కబళ్ళాపూరు దగ్గర ముద్దేనహళ్ళి గ్రామంలో 1861 సెప్టెంబరు 15న ఆయన జన్మించారు. (1860 అనే వారూ కలరు. ఆయన శతజయంతి తపాలా బిళ్ళ 1960లోనే వచ్చింది.) తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు, తల్లి వెంకటలక్ష్మమ్మగారు. చిన్నతనంలోనే తండ్రి పోయినారు. బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో చదివే రోజుల్లో ఇతరుల పిల్లలకు పాఠాలు చెప్పి ఆ సొమ్ముతో చదువు సాగించారు. 1881లో బి.ఎ. పూర్తి చేసి, మైసూరు సంస్థానం వారి సహాయంతో పూనా సైన్సు కాలేజీలో ఇంజనీరింగు చదివి 1883లో పరీక్షలో ప్రథముడుగా నిలిచారు. 1884లో బొంబాయి రాష్ట్ర పబ్లిక్ వర్క్సు శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా నాసిక్‌లో ఉద్యోగం దొరికింది.

పొద్దున ట్యూషన్లు చెప్పి కాలేజీకి వచ్చే మిత్రులు మన యూనియన్‌లో చాలా మంది ఉన్నారు. వారికి ఈ భాగం వేరే వివరించనక్కర లేదు.

సింధు దేశంలో సుక్కూరు పట్టణానికి మంచినీటి పథకం, పూనా, సూరతు వంటి చోట్ల పనులు, 1906లో ఏడెన్ పోయి అక్కడి నీటి సరఫరాకు, మురుగునీటి పారుదలకు ప్రణాళిక, ఇవన్నీ ఆయన ఉద్యోగ పర్వంలో ఉన్నాయి. అన్నిటినీ వరుసగా వ్రాసుకుపోతే ఇది సర్వీసు రిజిస్టరు అవుతుంది గాని జీవితం కాదు. నా దృష్టిలో వాటిలో రెండు పనులు ముఖ్యమైనవి.

మొదటిది పూనా దగ్గర ఖడక్‌వాస్లా జలాశయం. అప్పట్లో దాన్ని ఫైఫ్ సరస్సు అనేవారు. ముఠా నది మీద కట్టిన ఆనకట్ట అది. వానాకాలంలో నీళ్ళు నిండి మత్తడి మీదుగా దూకి పోయేవి, ఎండాకాలం వచ్చేసరికి పూనాకు, కాలువలకు నీళ్ళు చాలేవి కావు. కట్ట ఎత్తు పెంచుదామంటే పాత కట్ట ఆ బరువును మోయగలదా అనే సందేహం. పోనీ మత్తడి మీద పలకలు పెట్టి నీళ్ళు ఆపుదామంటే, అర్ధరాత్రి వరద వస్తే వాటిని తీసేవాడెవడు? మా ఊళ్ళో చెరువు మత్తడి మీద ఇసుక బస్తాలు పెట్టి నాలుగు చేపలకు, ఒక తడికి ఆశపడ్డ వాళ్ళను నేను చూశాను. వరద వచ్చిన రాత్రి ఆ బస్తాలు తీయడానికి ఒక్కడూ కట్ట మీదికి రాడు.

విశ్వేశ్వరయ్యగారు ఈ చిక్కును విప్పిన తీరు చూడండి. మత్తడి మీద తనంతట తానే తెరుచుకుని, తనంతట తానే మూసుకునే గేట్లను ఆయన రూపొందించారు. 1903లో అవి అక్కడ అమర్చబడ్డాయి. గేటుకు ఒక ప్రక్క నీటి ఒత్తిడి, మరొక ప్రక్క తూకపు బరువులు. పాత మత్తడి కంటె సుమారు 8 అడుగుల ఎత్తు దాకా నీరు గేట్ల వెనుక నిలబడుతుంది. ఆ గీత దాటిందా, తూకం తప్పి గేటు తెరుచుకుంటుంది. నీరు తగ్గగానే తూకం మళ్ళీ కుదిరి గేటు మూసుకుంటుంది. నీరటికాడు రానక్కర లేదు, పై అధికారి ఉత్తర్వు రానక్కర లేదు. నీటి మట్టమే సమాచారం, నీటి మట్టమే ఉత్తర్వు. ఈ గేట్లకు ఆయన పేర పేటెంటు వచ్చింది. కాని ప్రభుత్వ కొలువులో ఉండి, విధి నిర్వహణలో చేసిన పని కనుక దాని మీద రాయల్టీ తీసుకోవడానికి ఆయన ఒప్పుకోలేదు. తరువాత గ్వాలియరు దగ్గర టిగ్రా ఆనకట్టకు, మైసూరులో కృష్ణరాజసాగరానికి కూడా ఇదే పద్ధతి గేట్లు వచ్చాయి.

రెండవది నీటి పంపకం. దక్కను కాలువల కింద చెరుకు వేసే పై రైతు నీళ్ళన్నీ మింగేసి, కింది రైతుకు ఎండిన కాలువ మిగిల్చేవాడు. 1899 ప్రాంతంలో విశ్వేశ్వరయ్యగారు బ్లాకు పద్ధతి ప్రతిపాదించారు. ఊరి భూమిని బ్లాకులుగా విడదీసి, ఏ బ్లాకుకు ఎంత నీరో నిర్ణయించి, ఒక్కో బ్లాకులో కొంత భాగానికే చెరుకు, మిగతా భాగానికి తక్కువ నీటి పంటలు, ఏటేటా పంట మార్పిడి. రైతులు మొదట ఎదురు తిరిగారట. తిరుగుతారు మరి. రైతు బిడ్డగా నాకు తెలుసు, నీళ్ళ వంతు గురించి ఎవరు ఏ కొత్త పద్ధతి తెచ్చినా కట్ట మీద ఒక పంచాయితీ కాకుండా పోదు. తర్వాత ఆ పద్ధతి వల్ల ఎక్కువ మందికి నీళ్ళందడం చూసి ఒప్పుకున్నారు.

ఇంత పని చేసినా బొంబాయి ప్రభుత్వంలో చీఫ్ ఇంజనీరు పదవి భారతీయుడికి దక్కే రోజులు కావు అవి. 1908లో ఆయన ఆ కొలువు వదులుకుని విదేశ యాత్రకు బయలుదేరారు. యాత్రలో ఇటలీలోని మిలాన్ నగరంలో ఉండగా నిజాం ప్రభుత్వం నుంచి పిలుపు అందింది. ఆ పిలుపుకు కారణం మన మూసీ.

1908 సెప్టెంబరు 28. ఈ తేదీని హైదరాబాదులో చదువుకునే ప్రతి విద్యార్థీ గుర్తు పెట్టుకోవాలి. మూసీలో ఆ నాడు వచ్చిన వరద అఫ్జల్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలను తెంచి, నది ఒడ్డు పేటలను ఊడ్చుకుపోయింది. పదిహేను వేల మంది చనిపోయారని చెప్పుకుంటారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఇదంతా చాలా మంది వ్రాశారు. కాని ఆ వరద నగరంలో పుట్టలేదు, మన వైపున పుట్టింది. ఆ రెండు రోజుల వాన లెక్కల్లో శంషాబాద్ కేంద్రం ముందున ఉన్నది: 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాలు. మా ఊరి పక్కన వాన కొలిచే ఒక గిన్నె చెప్పిన అంకె, ఒక మహానగరం భవిష్యత్తు నిర్ణయించిన నివేదికలో చేరిందని చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఆ గిన్నె దగ్గర తడుస్తూ నిలబడి అంకె వేసుకున్న ఆ చిరుద్యోగి ఎవరో గాని, ఆయన ఋణం హైదరాబాదు మీద ఉన్నది.

1909 ఏప్రిల్‌లో విశ్వేశ్వరయ్యగారు హైదరాబాదు చేరుకున్నారు. నాటి పాలకుడు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్. ఊరికే ఆనకట్ట గీసి ఇచ్చి పోలేదు ఆయన. ముందు జరిగినదేమిటో లెక్క తేల్చడానికి కూర్చున్నారు. వరదను కళ్ళతో కొలిచినవాడు ఎవడూ లేడు, కొలిచే స్థితిలో ఎవడూ లేడు. మిగిలినవి గోడల మీద వరద గుర్తులు, నది వాలు, నది అడ్డుకోత, వాన గిన్నెల అంకెలు. ఆ మిగిలిన ఆనవాళ్ళ నుంచి నదిలో సుమారు 4,25,000 క్యూసెక్కుల నీరు పారిందని తేల్చారు. నిజాం రాజ్యంలోనే గాక పొరుగు ప్రాంతాల వాన లెక్కలు కూడా తెప్పించి చూశారు. ఇంత వాన నూరేళ్ళకో మారు వచ్చే వింత కాదు, మళ్ళీ రావచ్చును, ఇంకా ఎక్కువ కూడా రావచ్చును అని ఆయన తీర్మానించారు.

నాకు అన్నిటికంటె ఆశ్చర్యం వేసినది చెరువుల లెక్క. నగరానికి ఎగువన మూసీ, ఈసీ పరీవాహక ప్రాంతం 860 చదరపు మైళ్ళు. అందులో 788 చెరువులు. అంటే దాదాపు మైలుకొక చెరువు! కాకతీయుల కాలం నుంచి మన తాత ముత్తాతలు కట్టుకున్న గొలుసుకట్టు. పై చెరువు మత్తడి దూకితే కింది చెరువు నిండుతుంది, అది దూకితే దాని కిందిది. వీటిలో 221 చెరువులు ఆ వరదలో తెగిపోయాయి. తెగినవాటిలో అధిక భాగం ఈసీ వైపువి, అంటే మన వైపువి.

ఇక్కడ మా లెక్చరర్ గారి గళ్ళు, బాణాలు మళ్ళీ తెచ్చుకోవాలి. గణితం పడని మిత్రులు కోప్పడవద్దు, సమీకరణం ఒక్కటి కూడా వ్రాయను.

ఒక వ్యవస్థకు రెండు మూడు దశలు ఉంటాయి. ఒక్కో దశలో దాని నడక ఒక్కో రకం. దశ ఎప్పుడు మారుతుందో మన చేతిలో లేదు, అది పాచిక పడ్డట్టు మారుతుంది. ఇటువంటి వ్యవస్థ గురించి మూడు ప్రశ్నలు వస్తాయి. ఇప్పుడు ఏ దశలో ఉన్నది? (దశ మనకు నేరుగా కనబడదు, దాని ఆనవాళ్ళే కనబడతాయి. ఆ ఆనవాళ్ళలోనూ తప్పులు కలిసి ఉంటాయి.) దాన్ని అదుపులో ఉంచటానికి ఏం చేయాలి? అదుపు చేసినా చేయకపోయినా అది చివరికి నిలకడగా ఉంటుందా, లేక చెయ్యి జారిపోతుందా?

మూడవ ప్రశ్నలోనే అసలు మెలిక. ప్రతి దశా విడివిడిగా నిలకడ గలదే అయినా, దశలు మారుతూ ఉంటే మొత్తం వ్యవస్థ నిలకడ తప్పవచ్చు. నమ్మబుద్ధి కాదు. కాని ఉగాదికి వేపచెట్టుకు కట్టిన ఉయ్యాలను తలచుకోండి. దాని మీద కదలకుండా కూర్చుంటే ఊపు తగ్గుతూ పోయి ఆగిపోతుంది. కదలకుండా నిలబడ్డా అంతే. కాని సరైన సమయంలో కూర్చుంటూ, లేస్తూ ఉంటే? ఎవరూ తోయకుండానే ఉయ్యాల కొమ్మలు తాకుతుంది. రెండు భంగిమలూ సాధువులే, మార్పు మాత్రం సాధువు కాదు. దీనికి తలకిందులు కూడా నిజమే: విడివిడిగా నిలకడ లేని దశలను తగిన లెక్కలో మార్చితే మొత్తం నిలకడకు వచ్చే సందర్భాలూ ఉన్నాయి.

చెరువుల గొలుసుకట్టు కూడా అటువంటిదే. ప్రతి చెరువు మత్తడినీ తన వాన తట్టుకునేట్లు కట్టారు. కట్ట ఉన్న దశలో చెరువు వరదను పట్టి నెమ్మదిగా వదులుతుంది, అది మేలు. కట్ట తెగిందంటే దశ మారింది. నిన్నటి దాకా దాచుకున్న నీరంతా ఒక్క గంటలో కింది చెరువు మీద పడుతుంది. కింది చెరువు తన వాన తట్టుకోగలదు గాని పై చెరువు మొత్తాన్ని తట్టుకోగలదా? అదీ తెగుతుంది. ఒకటి తెగడం వల్ల రెండవది తెగే అవకాశం పెరుగుతుంది, రెండవది తెగితే మూడవది. రోజూ మేలు చేసే గొలుసే ఆ రాత్రి ఉరితాడయింది. ఒక దశ తరువాత ఏ దశ వస్తుందో ఇప్పటి దశను బట్టి లెక్కించే గణితాన్ని రష్యాలో మార్కోవ్ మహాశయుడు 1906లో మొదలుపెట్టారు. అప్పటికి మూసీ వరదకు రెండేళ్ళు ఉన్నది. ఆనవాళ్ళ నుంచి అసలు స్థితిని వడగట్టే కల్మన్ గారి పద్ధతి 1960లో వచ్చింది. దశలు మారే వ్యవస్థల నియంత్రణ మీద క్రసోవ్‌స్కీ, లిడ్‌స్కీ గార్ల పరిశోధనలు సోవియట్ దేశంలో 1961లో వెలువడ్డాయి. ఇవేవీ విశ్వేశ్వరయ్యగారి చేతిలో లేవు. ఆయన ఈ శాస్త్రం కనిపెట్టారని నేను అనడం లేదు, అంటే మా లెక్చరర్ గారు ఊరుకోరు. ఈ శాస్త్రం అడిగే మూడు ప్రశ్నలనూ ఆయన మూసీ గట్టున నిలబడి అడిగారని మాత్రమే నా మనవి.

ఆయన ఇచ్చిన జవాబు ఇది. నగరంలో గోడలు కట్టి నదితో కొట్లాడితే లాభం లేదు. నగరానికి రాకముందే ఎగువన రెండు నదులనూ పట్టాలి. మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి, రెండూ కలిపి సుమారు 20 శతకోటి ఘనపుటడుగుల వరదను పట్టే జలాశయాలు కట్టాలి. వరద వచ్చినప్పుడు ఆ నీరు అక్కడ ఆగి, దిగువ నది మోయగలిగినంత మాత్రమే కిందికి రావాలి. నగరంలో ఒడ్డులు ఎత్తు చేయాలి, ఒడ్డు వెంట తోటలు వేయాలి, మురుగునీటి పారుదల వేరు చేయాలి. 1909లోనే నివేదిక సమర్పించి, ఆ ఏడాది చివర మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్ళిపోయారు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో 1920లో ఉస్మాన్ సాగర్ (మనం గండిపేట అనేది), 1927లో హిమాయత్ సాగర్ పూర్తి అయ్యాయి. నగరానికి వరద భయం తగ్గటమే గాక దశాబ్దాల పాటు తాగునీరు కూడా అక్కడి నుంచే వచ్చింది.

ఆ తాగునీటితోనే ఒక పేచీ కూడా వచ్చింది. జలాశయానికి ఇద్దరు యజమానులు తయారైనారు. తాగునీటి యజమాని జలాశయం ఎప్పుడూ నిండుగా ఉండాలంటాడు. వరద యజమాని ఎప్పుడూ ఖాళీగా ఉండాలంటాడు. గుమ్మి ఒక్కటే, ఒకడు వడ్లు పోయాలంటే ఇంకొకడు రేపటి కోతకు ఖాళీ ఉంచమంటాడు. సెప్టెంబరు నెలాఖరులో ఈ పేచీ ముదురుతుంది. వానాకాలం అయిపోవస్తున్నది కనుక ఉన్న నీరు దాచుకోవాలి. కాని 1908లో దెబ్బ తగిలింది సరిగ్గా ఆ రోజుల్లోనే. నది దశ మారిందని ఎంత త్వరగా పసిగట్టగలిగితే అంత ఎక్కువ నీరు దాచుకుని కూడా నగరాన్ని కాపాడవచ్చు. పసిగట్టడం ఆలస్యమైతే గేట్లన్నీ ఒక్కసారి ఎత్తవలసి వస్తుంది. అంటే శంషాబాద్ వాన గిన్నెకు, చాదర్‌ఘాట్‌లో ఒక గుడిసెకు మధ్య దూరం మైళ్ళలో కాదు, గంటల్లో ఉంటుంది.

మైసూరులో ఆయన జీవితం అందరికీ తెలిసినదే కనుక క్లుప్తంగా చెబుతాను. 1911లో కావేరి మీద కృష్ణరాజసాగరం పని మొదలయింది. 1912 నుంచి 1918 దాకా దివాను. 1913లో మైసూరు బ్యాంకు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1923లో నడక మొదలుపెట్టిన భద్రావతి ఇనుము కార్ఖానా, అన్నిటి వెనుకా ఆయన ఉన్నారు. 1934లో భారతదేశానికి ప్రణాళికాబద్ధ ఆర్థిక విధానం కావాలని పుస్తకం వ్రాశారు. 1955లో భారతరత్న. సెప్టెంబరు 15ను దేశమంతా ఇంజనీర్ల దినంగా జరుపుకుంటున్నది. ఖైరతాబాద్‌లో ఇంజనీర్ల సంస్థ ముందు ఆయన విగ్రహం కలదు. బస్సులో పోతూ చాలా సార్లు చూసి ఉంటారు.

కొవ్వొత్తి కథ, రైలు పట్టా చప్పుడు కథ నేను వ్రాయటం లేదు. వాటికి రుజువులు లేవు, ఆయన గొప్పతనానికి వాటి అవసరమూ లేదు.

కాని ఒక్క విషయంలో ఆయనతో నాకు ఏకీభావం లేదని వ్రాయకపోతే ఈ వ్యాసం పొగడ్త అవుతుంది. 1918లో మైసూరు మహారాజు వెనుకబడిన కులాల వారికి ఉద్యోగాల్లో తగిన వాటా ఇవ్వడానికి మిల్లర్ కమిటీని వేశారు. విశ్వేశ్వరయ్యగారు ఆ విధానాన్ని వ్యతిరేకించి దివాను పదవి వదిలారు. యోగ్యతే కొలమానం కావాలన్నది ఆయన వాదం. నీళ్ళ దగ్గర పై రైతు అంతా మింగేయకుండా బ్లాకులు వేసి కింది రైతుకు వంతు పెట్టిన మనిషి, కొలువుల దగ్గర ఆ వంతు ఎందుకు చూడలేకపోయారో నాకు అర్థం కాలేదు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడిని నేను. అందుకే నాకు ఈ మాట తగులుతుంది.

1962 ఏప్రిల్‌లో, నూరేళ్ళు నిండిన వయసులో, బెంగుళూరులో ఆయన కన్నుమూశారు. పుట్టిన ఊరు ముద్దేనహళ్ళిలో సమాధి ఉన్నది.

ఆయన పోయినా నది దశలు మార్చుకోవడం మానలేదు. 2020 అక్టోబరులో కుండపోత వాన పడిన రాత్రి గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి, ఆ నీరు బెంగుళూరు హైవే మీద పారింది. కార్లు కొట్టుకుపోయినాయి, మనుషులు పోయినారు. అప్పుడు నేను ఇంకా బడి పిల్లవాడిని. తెల్లవారి మా నాయన నన్ను వెనుక కూర్చోబెట్టుకుని బండి మీద బయలుదేరితే శంషాబాద్ దాటి కొద్ది దూరం పోయాక పోలీసులు ఆపేశారు. ఆరాంఘర్ దాకా పోలేకపోయాం. రోడ్డు ఉండవలసిన చోట ఎర్రమట్టి, రాళ్ళు, బోర్లా పడ్డ కారు. మైలుకొక చెరువు ఉన్న గొలుసులో ఒక్క కడియం తెగితే ఏమవుతుందో ఆ రోజు నేను పుస్తకం లేకుండా చదువుకున్నాను. 2025 సెప్టెంబరు నెలాఖరులో, సరిగ్గా 1908 వరద రోజుల్లోనే, జంట జలాశయాల గేట్లు ఎత్తగా మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి నీళ్ళు వచ్చాయి. రాత్రి పూట ప్రయాణీకులను బయటికి తీసుకురావలసి వచ్చింది. హాస్టల్ మిత్రులు కొందరు దసరా సెలవులకు ఊరు పోదామని బయలుదేరి బస్సు దొరకక మళ్ళీ వెనక్కి వచ్చారు.

ఈ జలాశయాల పరీవాహకాన్ని కాపాడటానికి 1996లో 111 జీవో వచ్చింది. పది కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకు, కార్ఖానాలకు అడ్డు పెట్టింది. 2022 ఏప్రిల్‌లో 69 జీవో ద్వారా ప్రభుత్వం ఆ ఆంక్షలు ఎత్తివేసింది. మా పొలం ఆ 84 గ్రామాలలోనే ఉన్నది. పక్క ఊళ్ళో ఎకరం కోట్లు పలుకుతుంటే తన ఎకరం పలకలేదని ఇరవై ఆరేళ్ళు బాధపడ్డ మనిషి మా నాయన. ఆ బాధ అన్యాయమైనది కాదు. నగరం వాళ్ళ కోసం మనం ఎందుకు నష్టపోవాలని ఆయన అడిగితే నేను క్లాసులో నేర్చుకున్న గళ్ళు, బాణాలు గీసి చూపించబోయాను. మట్టి మీద పడ్డ వాన ఇంకుతుంది, సిమెంటు మీద పడ్డ వాన పరుగెత్తుతుంది. పరుగెత్తే నీటికి గేట్ల దగ్గర దొరికే వ్యవధి తక్కువ. అంటే ఇక్కడ సిమెంటు పోస్తే నది దశ ఇంకా త్వరగా మారుతుంది, మనం పసిగట్టడానికి మిగిలే గంటలు తగ్గుతాయి అన్నాను. మా నాయన అంతా విన్నాడు. ఆ గంటల ఖరీదు నాకు ఎవరిస్తారు, బ్లాకులు వేసి నీళ్ళు పంచిన మీ ఇంజనీరు ఈ నష్టాన్ని కూడా పంచే పద్ధతి ఏమైనా వ్రాసిపోయాడా అని అడిగాడు.

నేను ఆయన పుస్తకాల్లో వెతుకుతున్నాను. ఇంట్లో ఆ మాట ఇంకా తెగలేదు.